ఇరవై మూడో నంబరు

జనవరి 9

మామయ్యా,

ఆస్పత్రి గాజు గదిలోంచి బయటపడ్డావట! కబురు వచ్చిన దగ్గర్నుంచి అమ్మ కాలు ఒకచోట నిలవడం లేదు. "నా తమ్ముడు నా రక్తంతో లేచి నడిచాడు" అని పక్కింటావిడకి చెప్పింది, పాలతనికి చెప్పింది, ఆఖరికి కరెంటు మీటరు చూడ్డానికి వచ్చినతన్ని కూడా కూర్చోబెట్టి చెప్పింది. రక్తం కాదమ్మా, మూలకణాలు, రక్తాన్ని తయారుచేసే విత్తనాల్లాంటివి అంటే వినదు. "రెండు చేతులకీ సూదులు గుచ్చి నాలుగు గంటలు యంత్రం పక్కన కూర్చోబెట్టి తీసింది రక్తం కాకపోతే మంచినీళ్ళా?" అంటుంది.

నీకు ఫోను చేద్దామంటే నేను అరవడం, నువ్వు "ఆఁ?" అనడం, చుట్టుపక్కలవాళ్ళు ఏదో గొడవ జరుగుతోందనుకోవడం. ముప్పై ఏళ్ళు ఆ సబ్బుల ఫ్యాక్టరీ బాయిలరు పక్కన నిలబడి చెవులు రెండూ దానికి ధారపోసి వచ్చావు. చెవి మిషను కొనిస్తే పెట్టెలో భద్రంగా దాచుకున్నావు. కాబట్టి మనకి ఉత్తరాలే గతి.

ఇక అసలు సంగతి. వచ్చే వారం నీకు ఒక పుస్తకం ఇస్తారు. రోజుకో పట్టీ, పట్టీకి పన్నెండు ప్రశ్నలు. దద్దుర్లు, దురద, కడుపునొప్పి, విరేచనాలు, ఆకలి, నోటిపూత, ఇలాంటివి. ఒక్కో ప్రశ్న ఎదురుగా సున్నా నుంచి పది దాకా గళ్ళుంటాయి. ఏ బాధా లేకపోతే సున్నా, భరించలేకపోతే పది. పెన్సిలుతో ఒక గడి నల్లగా నింపాలి, అంతే. ఎనిమిది ఆస్పత్రుల నుంచి ఆ పట్టీలు వారానికోసారి మా ఆఫీసుకి వస్తాయి. నేనూ ఇంకో ఇద్దరూ వాటిని కంప్యూటర్లోకి ఎక్కిస్తాం.

ఇదంతా ఎందుకంటే, అమ్మ కణాలు నీ ఒంట్లో కొత్తగా కాపురం పెట్టాయి కదా. అవి నీ చర్మాన్నీ పేగుల్నీ పరాయివనుకుని మీద పడకుండా ఒక మాత్ర ఇస్తారు. మేం దాన్ని కట్టడి మాత్ర అంటాం. ఎక్కువకాలం వేసుకుంటే ఊళ్ళో ఉన్న జబ్బులన్నీ అంటుకుంటాయి, పాత లుకేమియా, అదే ఆ రక్తం క్యాన్సరు, మళ్ళీ తలెత్తొచ్చు కూడా. తొందరపడి తగ్గిస్తే కణాలు తిరగబడతాయి. ఎంత త్వరగా తగ్గించవచ్చు అన్నదే మా పెద్ద మేడమ్ నాలుగేళ్ళుగా చేస్తున్న పరిశోధన. పట్టీలో సున్నాలుంటే వారం వారం మాత్ర తగ్గిస్తారు. అంకె లేస్తే తగ్గించడం ఆపేస్తారు. అందుకని ఉన్నది ఉన్నట్టు నింపు.

పట్టీ మీద పేరుండదు, నంబరే. మా మామయ్య కూడా ఇందులో ఉన్నాడని నేను ముందే రాసిచ్చాను. నీ నంబరు నువ్వు చెప్పకూడదు, నేను అడగకూడదు. ఏ నంబరు గురించీ మేం బయట నోరు విప్పకూడదు. ఇది రూలు.

పోట్లాడటానికి మనిషి లేక తోచని నీ
పేచీ


జనవరి 17

పేచీకి మామయ్య దీవెనలు.

ఆస్పత్రి వెనక వీధిలో మేడ మీద గది దొరికింది. రెండు మంచాలు, ఒక స్టవ్వు, ఒక కిటికీ. కిటికీలోంచి ఆస్పత్రి దుప్పట్లు ఉతికే షెడ్డు, దాని గొట్టం కనిపిస్తాయి. ఆ బాయిలరు నడిపేవాడెవడో గానీ వాడికి పని రాదు. పొగ నల్లగా కక్కుతోంది. కిందికి దిగి రెండు ముక్కలు చెప్పొద్దామంటే బొగ్గాయన తలుపుకి అడ్డం నిలబడ్డాడు. ఈయన నాతోపాటు ఇరవై రెండేళ్ళు బాయిలరుకి బొగ్గు వేసిన మనిషి కదా, ఇప్పుడు నాకు మందులు వేస్తున్నాడు. చెయ్యి మాత్రం మారలేదు, మాత్రలు కూడా పారతో వేసినట్టే నోట్లో వేస్తాడు.

కణాలు ఎక్కించిన రోజు సంగతి నీకు చెప్పలేదు. నేనేదో మెరుపులూ ఉరుములూ అనుకున్నా. ఒక సంచీ తెచ్చి తగిలించారు, అరగంటలో అయిపోయింది. నర్సు "అయిపోయిందండీ" అంటే, "ఏమిటి అయిపోయింది?" అన్నాను. అదీ నా పునర్జన్మ. ఇప్పుడు నా రక్తం గ్రూపు కూడా అక్కదే అవుతుందట. సగం మీ అమ్మనైపోయాను కాబట్టి నిన్ను తిట్టే హక్కు నాకు రెండింతలైంది. అప్పుడే పొద్దున లేస్తూనే సణుగుడు వస్తోంది, ఇదివరకు లేదు.

పుస్తకం ఇచ్చారు. నంబరు కూడా ఇచ్చారు. చెప్పొద్దన్నావు కాబట్టి చెప్పను. పట్టీ నింపడం గురించి నువ్వు నాకు పాఠం చెప్పాలా? గంటకోసారి ఆవిరి ఒత్తిడి ఎంత, నీళ్ళ మట్టం ఎంత, ముప్పై ఏళ్ళు రాశాను. కంటితో చూడకుండా ఒక్క అంకె వెయ్యలేదు. ఒకసారి మేనేజరు గారు తనిఖీవాళ్ళు వస్తున్నారు, పోయిన వారం ఒత్తిడి కాస్త తగ్గించి రాయమంటే, మీరే రాయండి సార్ అని పెన్ను ఆయన చేతిలో పెట్టాను. ఆయన రాయలేదు, నాకు మాత్రం రెండేళ్ళు రాత్రి డ్యూటీ రాశాడు.

దేవుడి దయవల్ల నాకు ఇప్పుడు ఏమీ లేదు. నిజంగానే అన్నీ సున్నాలు. ఆకలి కూడా బాగుంది. బొగ్గాయన వంటకి కూడా ఆకలేస్తోందంటే నేను బాగుపడ్డట్టే కదా.

అక్కని నిద్రపొమ్మని చెప్పు.

సగం నీ మామయ్య, సగం మీ అమ్మ


ఫిబ్రవరి 6

మామయ్యా,

నీ ఉత్తరం ఆఫీసులో చదివి గట్టిగా నవ్వితే పక్కావిడ ఉలిక్కిపడింది. ఈ మధ్య మా గదిలో ఎవరూ నవ్వడం లేదు.

తొమ్మిదో నంబరు పోయారు. పద్నాలుగో నంబరుకి కాలేయం దెబ్బతింది. ఇద్దరికీ మాత్ర తగ్గించాకే మొదలైంది. మాత్ర వల్లేనా, వేరే కారణమా అన్నది ఇంకా తేలలేదు. మార్చి ఐదున సమీక్ష కమిటీ కూర్చుంటుంది. పరిశోధన ఆపమంటే ఆపేయాలి. పెద్ద మేడమ్ రోజూ వచ్చి మా వెనక నిలబడి అంకెలు చూస్తుంది. నిన్న ఆవిడ చేతిలో టీ గ్లాసు అలాగే చల్లారిపోయింది.

చెప్పకూడదు గానీ ఒకటి చెబుతా. నీకు చెబితే గోడకి చెప్పినట్టే, గోడకైనా చెవులుంటాయేమో గానీ నీకు లేవు కదా. మా దగ్గర ఇరవై మూడో నంబరని ఒకాయన ఉన్నారు. ఏ ఊరో, ఆడో మగో తెలియదు, నేనే "ఆయన" అనుకుంటున్నా. మూడు వారాలుగా అన్నీ సున్నాలే. మాత్ర తగ్గించిన కొద్దీ సున్నాలే. రెండు వందల యాభై రెండు సున్నాలు, నేను కూర్చుని లెక్కపెట్టాను. గళ్ళు కూడా ఎంత శుభ్రంగా నింపుతారనుకున్నావ్, గీత దాటి పెన్సిలు బయటికి రాదు. గురువారం కవర్లు రాగానే మేం ముగ్గురం ముందు ఆయనదే వెతుక్కుంటాం. పెద్ద మేడమ్ మొన్న "ఈ మనిషే మనల్ని నిలబెడుతున్నాడు" అంది. నాలుగేళ్ళ పని ఆయన పెన్సిలు మీద ఆగి ఉంది, మామయ్యా.

నువ్వూ ఆయనలా ఉండాలి. రోజూ ఆయన పట్టీ చూసి, మా మామయ్య కూడా ఇలాగే ఉండి ఉంటాడు అనుకుంటాను. అదే నా ధైర్యం.

ఉత్తరం చదివి చింపెయ్యి.

నోటికి తాళం లేని
పేచీ


ఫిబ్రవరి 13

పేచీకి దీవెనలు.

చింపలేదు. నేనెప్పుడైనా నీ ఉత్తరం చింపానా?

ఆ ఇరవై మూడో ఆయన నీ ఉత్తరం చదివి ఉంటే ఛాతీ రెండంగుళాలు పెరిగేది. చదివాడనే అనుకో. ఇన్నేళ్ళ ఉద్యోగంలో తన పట్టీ చూసి ఇంతలా సంతోషించిన మనుషులు ఆయనకి దొరికి ఉండరు. బాయిలరు సవ్యంగా నడిస్తే ఎవరూ మెచ్చుకోరమ్మా, పేలితేనే పేరడుగుతారు.

ఒక మాట అడుగుతాను, ఊరికే తెలుసుకుందామని. ఆయన ఒకరోజు కాస్త దద్దురు లేచిందనో, పాదాలు మండుతున్నాయనో ఒక రెండో మూడో వేశాడనుకో. ఏమవుతుంది? పరిశోధన ఆపేస్తారా? ఆపేస్తే తరవాత వచ్చే జబ్బు మనుషులకి ఈ వైద్యం అందదు కదా?

ఇక్కడ అంతా సవ్యం. బొగ్గాయన నిన్న నా పాదాలు చూసి ఎర్రగా ఉన్నాయన్నాడు. ముందు నీ కళ్ళజోడు మార్చుకోవయ్యా, నిన్న చీపురు పట్టుకుని గొడుగనుకున్నావు అన్నాను. అలిగి ఒక పూట మాట్లాడలేదు. నాకెలాగూ వినపడదు కాబట్టి ఆయన మాట్లాడటం లేదని సాయంత్రం దాకా నాకు తెలియనేలేదు.

నీ మామయ్య


ఫిబ్రవరి 20

మామయ్యా,

నీ ప్రశ్నకి జవాబు. ఒక మూడు వేసినంత మాత్రాన కొంపలేం మునగవు. మాత్ర తగ్గించడం ఆపి, డాక్టరు పిలిచి చూస్తారు, అంతే. ఎంత ముందు తెలిస్తే అంత తేలిగ్గా లొంగుతుంది. కానీ నిజం చెప్పనా, ఈ రెండు వారాలు మాత్రం వెయ్యొద్దని ఆయన కాళ్ళకి దణ్ణం పెట్టాలనుంది! కమిటీ అయిందాకా ఆగి, ఆ తరవాత ఎన్ని మూళ్ళైనా వేసుకోమను. ఈ మాట పెద్ద మేడమ్ చెవిన పడితే నా ఉద్యోగం ఊడుతుంది.

అమ్మతోనే వేగలేకపోతున్నాను. తొమ్మిదో నంబరు సంగతి పొరపాటున ఇంట్లో అన్నాను. అప్పట్నుంచి "ఆ కణాలు తిరగబడితే అవి నావే కదే? నా తమ్ముణ్ణి నేనే చంపుకున్నట్టు కదా?" అని ఒకటే ఏడుపు. మామయ్యకి అన్నీ సున్నాలమ్మా, నేను ఉత్తరాలు చదవడం లేదా అని ఒట్టేసి చెబితే అప్పుడు అన్నం తింది.

వచ్చే నెల మొదట్లో సెలవు పెట్టి నీ దగ్గరికి వస్తాను. ఆ పొగగొట్టం సంగతి ఇద్దరం కలిసి తేలుద్దాం.

పేచీ


మార్చి 1

పేచీకి,

ఇప్పుడు రావద్దు. ఈ ఊళ్ళో జలుబులు తిరుగుతున్నాయి. నువ్వు రైల్లో పదిమందిని ముట్టుకుని వచ్చి నాకు అంటిస్తే అక్క నిన్ను బతకనివ్వదు. కమిటీ పని చూసుకో.

పొడుగు చేతుల చొక్కాలు, కాస్త వదులువి, రెండు పంపించు. ఇక్కడ పొద్దున పూట చలిగా ఉంటోంది. బొగ్గాయన జావ బాగా చేస్తున్నాడు, అదే తాగుతున్నాను.

అంతా సవ్యం. అక్కకి కూడా అదే చెప్పు.

మామయ్య


మార్చి 9

మామయ్యా,

కమిటీ ఒప్పుకుంది! పరిశోధన ఆగలేదు. పైగా కొత్తగా చేరే ఇరవై మందికి మాత్ర ఇంకా త్వరగా తగ్గించి చూడమన్నారు. పెద్ద మేడమ్ తలుపు వేసుకుని ఏడ్చింది, కళ్ళు తుడుచుకుని వచ్చి మా అందరికీ టీ పోసింది. ఆవిడ టీ పొయ్యడం నేను చూడటం ఇదే మొదటిసారి. సమీక్ష కాగితాల్లో అన్నిటికంటే ముందు పెట్టింది ఇరవై మూడో నంబరు గీతే. సున్నా మీద పడుకున్న తిన్నని గీత.

ఇంత సంతోషంలో నీతో ఒక పేచీ ఉంది. రావద్దని రెండు ముక్కలు గిలికి పంపావు. ఒక హాస్యం లేదు, ఒక తిట్టు లేదు. నేను జలుబులు మోసుకొచ్చే మనిషినా? ఒళ్ళు బాగుపడగానే మేనకోడలు అక్కర్లేకుండా పోయిందా? నాన్న పోయిన ఏడాది నువ్వు నన్ను స్కూల్లో దింపి, సాయంత్రం మళ్ళీ వచ్చేదాకా గేటు దగ్గరే ఉన్నావేమో అనుకునేదాన్ని. ఎప్పుడు చూసినా అక్కడే ఉండేవాడివి. అలాంటి మామయ్య నన్ను రావద్దంటే కష్టంగా ఉండదా?

చొక్కాలు అమ్మ స్వయంగా కుట్టింది. వదులుగా కుట్టమంటే ఇద్దరు పట్టేలా కుట్టింది. సగం తనూ ఉంది కదా అట.

అలిగిన
పేచీ


మార్చి 22

మామయ్యా,

రెండు వారాలైంది, నీ దగ్గర్నుంచి ఉలుకూ పలుకూ లేదు. నేను అలిగితే నువ్వు బతిమాలాలి గానీ తిరిగి అలుగుతావా? సరే, నేనే ఓడిపోయాను. ఎవరితోనైనా చెప్పుకోకపోతే ఉండలేను.

ఇరవై మూడో నంబరు మూడు రోజుల కిందట ఆస్పత్రిలో చేరాడు. కణాలు తిరగబడి పేగులన్నీ పుండ్లయ్యాయట, ఒంటి మీద చర్మం ఊడుతోందట. ఒక్క రోజులో వచ్చేది కాదు అది, నెల నుంచి లోపల ముదురుతూ ఉండాలి. చేరే ముందురోజు పట్టీలో కూడా పన్నెండు సున్నాలున్నాయి! అంటే ఆ మనిషి నెల రోజులు కూర్చుని అబద్ధాలు నింపాడు. ఆ సున్నాలు నమ్మి డాక్టర్లు మాత్ర తగ్గించుకుంటూ పోయారు. ఆ సున్నాలు నమ్మే కమిటీ కొత్తవాళ్ళకి ఇంకా త్వరగా తగ్గించమంది. అందులో నలుగురికి అప్పుడే మొదలుపెట్టారు. వాళ్ళకేమైనా అయితే ఎవరు జవాబు చెబుతారు?

పెద్ద మేడమ్ కమిటీకి రాసి జవాబు కోసం ఎదురుచూస్తోంది. పక్కావిడ "పాపం" అంది. నాకు పాపం అనిపించలేదు. అబద్ధాలకోరు. ఎవరి మెప్పు కోసం చేశాడో గానీ, తన ప్రాణమే కాకుండా ముక్కూ మొహం తెలియనివాళ్ళ ప్రాణాలు కూడా పెన్సిలు మొన మీద పెట్టాడు. అలాంటి మనిషిలా ఉండమని నీకు రాశానే, నన్ను నేను కొట్టుకోవాలనిపిస్తోంది.

నువ్వు ఎలా ఉన్నావు? ఒక్క ముక్క రాయి. ఈసారి నాకు నిజంగా భయంగా ఉంది.

పేచీ


మార్చి 27

పేచీకి,

అబద్ధాలకోరు రాస్తున్నాడు.

ఉత్తరం నిన్న అందింది. గదికి వస్తే బొగ్గాయన ఆస్పత్రికి తెచ్చి ఇచ్చాడు. చదివి ఆయన చేతికే ఇచ్చాను. ఆయన చదివి, "నేను చెప్పలేదూ" అని నన్ను చాలాసేపు తిట్టాడు. చెవి మిషను పెట్టుకుని మరీ విన్నాను. తిట్లు పడాల్సినవాణ్ణే.

ఇరవై మూడో నంబరు గురించి నువ్వు రాసిన ఉత్తరం వచ్చినప్పుడు నా సున్నాలు నిజమైనవే, అది మాత్రం నమ్ము. నేను ఆ ఉత్తరాన్ని జేబులో పెట్టుకు తిరిగాను. ఫిబ్రవరి పదిన పాదాల మీద ఎర్రగా లేచింది. ఆరోజు పెన్సిలు పట్టుకుని మూడు మీద పెట్టాను. మీ ముగ్గురూ గురువారం కవరు విప్పి చూడటం కళ్ళముందు కనిపించింది. కమిటీ దాకా ఒక నాలుగు వారాలు ఓర్చుకుంటే పోయేదేముంది, దద్దురే కదా అనుకున్నాను. తరవాత కడుపు మొదలైంది. ఈలోపు అక్క ఏడుపు గురించి రాశావు. ఇప్పుడు చెబితే అది తన కణాలే అనుకుంటుంది, అన్నం మానేస్తుంది. అలా ఒక్కో రోజు ఒక్కో కారణం దొరికింది. పొడుగు చేతుల చొక్కా వేసుకుని డాక్టరు దగ్గరికి వెళ్ళేవాణ్ణి. బరువు తూచే ముందు లీటరున్నర నీళ్ళు తాగేవాణ్ణి. మీటరుని మోసం చెయ్యడం ఎలాగో బాయిలరు వాడికి తెలియదా. కమిటీ అయ్యాక చెబుదామనుకున్నాను. అప్పటికి కుర్చీలోంచి లేవలేకపోయాను. అప్పుడు చెప్పడానికి సిగ్గేసింది.

నువ్వన్న వాళ్ళ సంగతి, కొత్తగా చేరిన నలుగురి సంగతి, నాకు తట్టలేదు. మందు నిలబెడుతున్నా, వెనకాల వచ్చేవాళ్ళకి మేలు చేస్తున్నా అనుకున్నాను. తల్లీ, అబద్ధపు అంకె రాస్తే ఎవరు కాలుతారో తెలిసినవాణ్ణి నేనే, నేనే అలా రాశాను.

ఈ ఉత్తరంతో ఒక చిన్న పుస్తకం పంపుతున్నాను. పట్టీలో సున్నా వేసిన ప్రతి రోజూ అసలు అంకె అందులో రాసుకున్నాను. ముప్పై ఏడు రోజులవి. ఎందుకు రాశానంటే చెప్పలేను. చూసిన అంకె ఎక్కడో ఒకచోట రాయకపోతే నాకు అన్నం సహించదు. మీ పెద్ద మేడమ్‌కి ఇవ్వు. నా నంబరు కొట్టెయ్యనివ్వకు. సరైన అంకెలతో ఉంచమను. వాళ్ళకి పనికొస్తుందేమో.

నీ ఉత్తరాల సంగతి వాళ్ళకి చెప్పొద్దు. నీ తప్పు లేదు. అక్కకి కూడా చెప్పొద్దు, జ్వరమని చెప్పు.

డాక్టరు ఇంకో మందు ప్రయత్నిస్తున్నానన్నాడు. ఆయన మొహం చూస్తే పెద్దగా ఆశ ఉన్నట్టు లేదు. నాకు భయంగానే ఉంది. ఇదొక్కటైనా నీకు నిజం రాయాలనిపించింది.

మామయ్య


మార్చి 30

మామయ్యా,

ఈ ఉత్తరం పోస్టులో వెయ్యను. రేపు బయలుదేరుతున్నాను, నేనే తెచ్చి నీ చేతికిస్తాను. నీకు నోటితో చెప్పలేను కదా, అందుకని ఈ రాత.

నీ పుస్తకం పెద్ద మేడమ్ బల్ల మీద పెట్టాను. దాని పక్కన నీ ఉత్తరాలు పెట్టాను. నేను నీకు ఏమేం రాశానో గుర్తున్నంతా కాగితం మీద రాసి, అదీ పెట్టాను. ఇరవై మూడో నంబరు గురించి చెప్పిందీ, కమిటీ దాకా మూడు వెయ్యొద్దని హాస్యమాడిందీ, అన్నీ. చెప్పొద్దన్నావు. చెప్పకపోతే నేనూ ఒక సున్నా వేసినట్టే. ఆవిడ అంతా చదివి, ముందు ఫోను తీసి ఎనిమిది ఆస్పత్రులకీ చెప్పింది. ఆ నలుగురికీ మాత్ర తగ్గించడం ఆరోజే ఆపేశారు. అందులో ఒకరికి పాదాలు ఎర్రబడటం మొదలైందట, వెంటనే మందు మార్చారు. ఫోను పెట్టేశాక నాతో, రేపట్నుంచి రావద్దంది. కోపంగా అనలేదు. నీ అంకెలు ఎక్కించే పని మాత్రం నన్నే చేసి వెళ్ళమంది.

చేశాను. ముప్పై ఏడు రోజులు. ఒక పక్క నీ పుస్తకం, ఒక పక్క నీ ఉత్తరాలు పెట్టుకున్నాను. ఫిబ్రవరి పదమూడు, పాదాల మంట ఐదు, దురద ఆరు. ఆరోజు నువ్వు బొగ్గాయన చీపురు పట్టుకుని గొడుగనుకున్నాడని రాశావు. ఆ ముక్క నేను ఆఫీసులో అందరికీ చదివి వినిపించాను. మార్చి ఒకటి, విరేచనాలు పన్నెండు సార్లు, నొప్పి ఎనిమిది. ఆరోజు ఉత్తరంలో హాస్యం లేదని నేను అలిగాను. మార్చి తొమ్మిది, మా గదిలో అందరం టీ తాగిన రోజు, నీ కాలమ్‌లో నొప్పి తొమ్మిది, పక్కన చిన్న అక్షరాలతో "నీళ్ళు కూడా నిలవలేదు" అని ఉంది. పక్కావిడ చేస్తానంది, ఇవ్వలేదు.

నిన్ను అబద్ధాలకోరు అన్నాను. ముప్పై ఏళ్ళలో ఒక్క తప్పు అంకె వెయ్యని మనిషి చేత నేనే వేయించాను. నా సంతోషం చూసి వేశావు. తప్పు నాది కాదని నువ్వు రాసినా నేను ఒప్పుకోను, ఇందులో మాత్రం పేచీ పెడతాను.

అమ్మకి చెప్పేశాను. నీ మాట నిలబెట్టలేదు. మన ఇంట్లో ఇంక ఎవరి దగ్గరా ఏదీ దాచొద్దు. ఏడుస్తుందనుకున్నాను. లేచి సంచీ సర్దుకుంది. "నా కణాలు వాడితో పోట్లాడుతున్నాయంటే నేనే వెళ్ళి సర్దిచెబుతాను. చిన్నప్పట్నుంచి వాడికీ నాకూ తగువు తీరేది ఒక్క చోట కూర్చుంటేనే" అంది.

వస్తున్నాం.

పేచీ


ఏప్రిల్ 3
నీ మంచం పక్క కుర్చీలోంచి

మామయ్యా,

నాలుగడుగుల దూరంలో కూర్చుని నీకు ఉత్తరం రాస్తున్నాను. మొహానికి గుడ్డ, చేతులకి తొడుగులు, ఒంటి మీద నీలం గౌను. నువ్వు నన్ను చూడగానే గుర్తుపట్టలేదు. అమ్మని మాత్రం నడక చూసి గుర్తుపట్టావు.

నీ నోటి మీద ఆక్సిజన్ మాస్కు ఉంది, దాని తాళ్ళకి అడ్డమని చెవి మిషను తీసేశారు. అందుకని బొగ్గాయన ఎక్కణ్ణుంచో ఒక పలక తెచ్చాడు. నేను రాయడం, నువ్వు చేత్తో జవాబు చెప్పడం. పొద్దున మార్చి ముప్పై నాటి ఉత్తరం నీకు పట్టుకుని చూపించాను. మెల్లగా చదివావు. ఆ నలుగురి సంగతి దగ్గర వేలు పెట్టి, అక్కడే ఉంచావు. రెండోసారి కూడా అక్కడే పెట్టావు. నీకు కావలసింది అదేనని నాకు తెలిసింది.

అమ్మ నీ పాదాల దగ్గర కూర్చుంది. ముట్టుకోకూడదన్నారు, దుప్పటి మీద చెయ్యి పెట్టుకుని కూర్చుంది. నీకు వినపడదని తెలిసి కూడా ఏదో చెబుతూనే ఉంది. దేనికో నిన్ను తిడుతోంది కూడా.

మధ్యాహ్నం పలక మీద "నొప్పి ఎంత?" అని రాశాను. నువ్వు గుప్పిట మూసి చూపించావు. సున్నా అన్నమాట. నేను పలక తుడిచి మళ్ళీ అదే రాశాను. మళ్ళీ గుప్పిటే. నాకు కోపం వచ్చింది, ఏడుపు వచ్చింది. పలక మీద ఏమీ రాయకుండా నీ మొహం వంక చూస్తూ నిలబడ్డాను. అమ్మ కూడా మాట్లాడటం ఆపేసి చూసింది. నువ్వు ఆవిడ వంక చూశావు, నా వంక చూశావు. అప్పుడు వేళ్ళు ఒక్కొక్కటే విప్పావు. ఐదూ విప్పి, రెండో చెయ్యి కూడా దుప్పటిలోంచి పైకి తీశావు.

నేను పరుగెత్తి నర్సుని పిలుచుకొచ్చాను. ఆవిడ మందు పెంచింది. పావుగంటకి నీ కనుబొమలు విడిపోయాయి, నిద్ర పట్టింది. నిద్రలో కూడా చేతులు రెండూ అలాగే దుప్పటి మీద తెరిచి ఉన్నాయి.

మళ్ళీ లేస్తాడా అని డాక్టర్ని అమ్మే అడిగింది. ఆయన చెప్పకుండా దాటెయ్యలేదు, ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. అమ్మ విని, కుర్చీ ఇంకాస్త దగ్గరికి జరుపుకుంది.

లేస్తే చదువుతావని రాస్తున్నాను.

పేచీ